నిలవని బుడగ

ఆదివారంలోగా చెయ్యాల్సిన పనులు చాలానే ఉన్నాయి. వంటింటి తలుపు కింద రాసుకుంటోంది, చిత్రిక పట్టించాలి. బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంటోంది, గడియ మార్చాలి. కిటికీ పైన పగులుకి సిమెంటు పూయాలి. స్నానాలగదిలో నీళ్లు తూముకి పోకుండా మూలకి చేరుతున్నాయి, దాని సంగతీ చూడాలి. అన్నిటికంటే ముందు భార్య సైకిల్ సీటు సరిచెయ్యాలి.

మిగతావి ఆ తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు టైల్స్ మేస్త్రీ. ఆదివారం ఆమెకి పరీక్ష. గేర్ల సైకిల్ మీద గడువులోగా కొండెక్కితే అడవి గార్డు ఉద్యోగం ఖాయం. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

సీటు ఎత్తుతో పేచీ లేదు. మడమ పెడల్ మీద ఆనిస్తే కాలు నిటారుగా సాగుతోంది. తిప్పలన్నీ వాలుతోనే. సీటు ముక్కు పైకి లేస్తే ఎక్కుడులో మనిషి వెనక్కి జారుతుంది, నడుం పట్టేస్తుంది, తొక్కాల్సిన బలమంతా చేతులకే ఖర్చవుతుంది. అందుకే మేస్త్రీ తన రసమట్టాన్ని సీటు మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చాకే బోల్టు బిగించేవాడు. ప్రతిసారీ ముందుగదిలోనే, ముందుచక్రం పెరటి వైపుకి పెట్టి. ఆ గదిలో గచ్చు వేసింది తనే. మట్టం ఎంత చక్కగా కుదిరిందో పని నేర్చుకునే వాళ్లని తీసుకొచ్చి మరీ చూపించేవాడు.

అయినా రెండు మూడు రోజులకోసారి బుడగ పక్కకి జరిగిపోతోంది. అతను మళ్లీ సరిచేస్తున్నాడు. ఆమె మళ్లీ నడుం పట్టుకుని కొండ దిగుతోంది.

అత్తగారి మీద అనుమానం వచ్చింది. ఆవిడ అప్పుడప్పుడూ సైకిల్ మీద తువ్వాళ్లు ఆరేస్తుంది. అడిగితే మొహం ముడుచుకుంది. పెరటి గోడ అవతల సెల్లారు కోసం తవ్వుతున్న యంత్రం రొదకి తనకి కంటిమీద కునుకే లేదనీ, అల్లుడి సీటుతో ఆటలాడే ఓపిక ఎక్కడిదనీ అడిగింది.

శుక్రవారం సాయంత్రం భార్య సైకిల్ తోసుకొచ్చి, కూర్చోకుండానే అంది.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నేను ఉద్యోగానికి పోవడం నీకిష్టం లేదా?"

"అదేం మాట?"

"మొదట్లో బాగానే ఎక్కేదాన్ని. ఈమధ్య నువ్వు సరిచేసిన ప్రతిసారీ ఇంకాస్త జారుతున్నా. సీటు ముక్కు ఆకాశంలోకి చూస్తోందన్నాడు సైకిల్ షాపతను."

"మట్టం పెట్టే బిగించానే."

"నీ మట్టం నాకు ఉద్యోగం వద్దంటోంది మరి."

షాపతను సీటుని చదునుగా బిగించి, కదిలితే తెలిసేలా బోల్టు మీద ఎర్ర రంగు గీత గీసి పంపాడట. మేస్త్రీ సైకిల్‌ని ఎప్పటిచోటే నిలిపి మట్టం పెట్టాడు. బుడగ ఎప్పుడూ ఎత్తున్న వైపుకే పోతుంది; ఇప్పుడది వీధి వైపుకి జరిగింది. అంటే సీటు ముక్కు కిందికి దిగింది. వంగి చూశాడు. గీత చెక్కుచెదరలేదు.

దారిలో ఎవరూ ముట్టుకోలేదనీ, తనే నడిపించుకుంటూ వచ్చాననీ ఆమె చెప్పింది.

మట్టమే పాడైందేమోనని దాన్ని అటుదిటు తిప్పి పెట్టాడు. అదే జవాబు. ఏమీ పాలుపోక ఈసారి సైకిల్‌నే తిప్పేశాడు. ముందుచక్రం ఇప్పుడు వీధి వైపుకి ఉంది. అదే సీటు, అదే బోల్టు, అదే గీత. ఇందాక కిందికి దిగిన ముక్కు ఇప్పుడు పైకి లేచింది. బుడగ మాత్రం మళ్లీ వీధి వైపుకే పోయింది.

మేస్త్రీ తలెత్తి, అవతల సెల్లారు తవ్వుతున్న పెరటి గోడ వైపు చూశాడు.

"ఇప్పుడేమంటావు?" అంది ఆమె.

"అత్తయ్యని లేపు. చెప్పులు కూడా వెతుక్కోవద్దు. ఇద్దరూ వీధిలోకి నడవండి."

"ముందు నా మాటకి జవాబు చెప్పు."

అతను మట్టాన్ని సీటు మీదే వదిలేసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరుగుతున్నది ఇల్లు."