ఆగని ట్యాంకు

"ఒరేయ్ మెర్వ్, ముందు ఈ చెట్టు తియ్యండ్రా!"

జపాను ట్యాంకు వేసిన గుండుకి రోడ్డు పక్క రబ్బరు చెట్టు మొదలంటా విరిగి డార్సీ తొడల మీద పడింది. అదీ ఫిరంగి పక్కనే, ట్యాంకు వచ్చే దారిలోనే. ఫిరంగి దగ్గర ఇంక మిగిలింది మెర్విన్, సార్జంటు హాలమ్.

మెర్విన్ మాను కింద చేతులు దూర్చి ఎత్తబోయాడు. కదల్లేదు.

"సార్జంటూ, ఓ చెయ్యి వెయ్యి!"

"చెట్టెత్తేలోగా అది నెత్తి మీదికొస్తుంది. గుండు పెట్టు!" హాలమ్ గురి చూసే గొట్టం నుంచి కన్ను తియ్యలేదు.

మెర్విన్ పెట్టాడు. పేలింది. ట్యాంకు ముఖాన నట్టనడుమ చిల్లు పడింది. వీళ్లకి ఇచ్చినవి మందపాటి ఉక్కుని తొలిచే గుండ్లు. ఈ ట్యాంకు ఒళ్లేమో పలచన. గుండు ఇటు దూరి అటు పోయింది. ట్యాంకు మాత్రం ఆగలేదు.

"తగిలింది కదా! ఆగదేం?"

"ఇంకోటి పెట్టు."

కుడి పక్కన ఇంకో చిల్లు. పైన మరోటి. తొందరేం లేనట్టు అది వాలులో దిగి వస్తూనే ఉంది. తిరిగి ఒక్క గుండూ వెయ్యలేదు.

"వాడు కాల్చడేంటి సార్జంటూ?"

"ఆడుకుంటున్నాడ్రా మనతో. తొక్కి చంపుదామని చూస్తున్నాడు. పెట్టు!"

"జల్లెడ చేస్తున్నావా సార్జంటూ దాన్ని?" నొప్పికి పళ్లు కొరుకుతూనే అన్నాడు డార్సీ. "పిండి జల్లించుకోడానికా?"

ఇంకో చిల్లు. నేల అదురుతోంది.

"మెర్వ్..." ఈసారి డార్సీ గొంతులో వేళాకోళం లేదు. "ఇద్దరూ పట్టుకుంటే లేస్తుందిరా. బాబ్బాబు, ఒక్కసారి చూడరా."

మెర్విన్ సార్జంటు వంక చూశాడు.

"అది చావకుండా వీణ్ణి లాగి ఏం లాభంరా? ముగ్గురం పోతాం. పెట్టు!"

పెట్టాడు. డార్సీ మొహం చూడకుండా పెట్టాడు. పేలింది. ఆగలేదు. ఇంజను సెగ మొహానికి కొట్టింది. హాలమ్ మెర్విన్ కాలరు పట్టి రోడ్డు పక్క కాలవలోకి ఈడ్చేశాడు.

"మెర్వ్!" అని ఒక్క కేక వినబడింది. తర్వాత చెట్టు, ఫిరంగి, అన్నీ కలిసి నలిగిన చప్పుడు.

ట్యాంకు ఇంకాస్త ముందుకెళ్లి, కాలవ గట్టుకి ముక్కు గుద్దుకుని, గుర్రుమంటూ ఆగిపోయింది. హాలమ్ చేతిబాంబు పట్టుకుని దాని మీదికెగబాకి మూత లాగాడు.

"రండ్రా బయటికి, నా కొడకల్లారా!"

ఎవరూ రాలేదు. హాలమ్ లోపలికి తొంగి చూశాడు. బాంబు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి వాలిపోయింది.

"ఏమైంది సార్జంటూ?"

"నడుమ చిల్లుకి ఎదురుగా ఒకడి వెనక ఒకడు కూలబడి ఉన్నారు, తోలేవాడి కాలింకా పెడలు మీదే ఉంది," అన్నాడు హాలమ్. "మొదటి గుండుకే అందరూ చచ్చారురా."