ఎదుటి మూల

జనం ఉంటే కట్టడం తీరిగ్గా చూడనివ్వరని ముసలి తాపీ మేస్త్రీ పోరు పెడితే, ఇస్లామిక్ కళల మ్యూజియంలో నైట్ వాచ్‌మన్‌గా చేసే అల్లుడు ఆయన్ని చీకటిపడ్డాక తీసుకెళ్లాడు.

గుమ్మటం కింద మేస్త్రీ తలెత్తి అలాగే నిలబడిపోయాడు. నాలుగు వందల ఏళ్ల సున్నం పూత. ఒక్క నెర్రె లేదు.

"ఈ మూల గోడలోకి గుసగుసగా మాట్లాడండి మామయ్యా. ఎదుటి మూలలో వినిపిస్తుంది. నేనటు వెళ్తా," అని అల్లుడు చీకట్లోకి నడిచాడు.

మేస్త్రీ గోడకి అరచెయ్యి ఆనించాడు. ఏ గోడనైనా ముందు తడిమి చూడందే ఆయనకి తోచదు.

"వినిపిస్తోందా?"

"ఆఁ," అని వచ్చింది గోడలోంచి.

"ఎవరు కట్టారో గానీ, చెయ్యి తిరిగిన పనివాళ్లు."

గోడలోంచి మళ్లీ మెల్లగా వినిపించింది.

"చెయ్యి తియ్యండి. సున్నం ఇంకా ఆరలేదు."

అల్లుడికి ఈ వేళాకోళం ఎప్పుడబ్బిందా అని మేస్త్రీ నవ్వుకున్నాడు.

వెనకనుంచి టార్చి వెలుగు పడింది.

"అటువైపు గేటుకి తాళం వేసుంది మామయ్యా, తాళంచెవి కోసం వెళ్లొచ్చా. ఇప్పుడు మొదలుపెడదామా?" అన్నాడు అల్లుడు.

మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గోడ మీద అయిదు వేళ్ల అచ్చు లోతుగా పడి ఉంది.

ఎదుటి మూలలో, విసుగ్గా, ఎవరో తాపీ అందుకున్న చప్పుడైంది.