బుచ్చన్న జమానతు

“కారు నా పేరు మీదనే ఉండాలె సారూ. లేకుంటే నాకు కారే వద్దు,” అన్నాడు యేసయ్య, కుర్చీ అంచున కూర్చుని.

వేణుమాధవ్‌కు నీరసం ముంచుకొచ్చింది. గోదావరిఖని చౌరస్తాలోని ఆ కార్ల షోరూంలో లోన్లు ఇప్పించడం అతని పని. ఇవాళ నెలాఖరు. అయిదు ఫైళ్ళు పూర్తి కాకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు. నాలుగయ్యాయి. అయిదో ఫైలు ఈ యాభై ఏళ్ళ మనిషి. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినట్టున్నాడు గానీ, కళ్ళ చుట్టూ బొగ్గు కాటుకలా మిగిలే ఉంది.

“బొగ్గు బాయి పనే గద కాకా? కంపెనీ పే స్లిప్పు పెడితే రేటు తక్కువ పడతది.”

“నా పేరు మీద స్లిప్పు లేదు.”

కాంట్రాక్టు కూలీ కాబోలు అనుకున్నాడు వేణుమాధవ్. ఓపిక తెచ్చుకుని మళ్ళీ కాగితం ముందుకు లాక్కున్నాడు.

“కారు రెండు లక్షల అరవై వేలు. అరవై నువ్వు కడతవు. రెండు లక్షలు లోను, నాలుగేండ్లు. స్లిప్పు ఉంటే ఏడు శాతం, లేకుంటే పదకొండు. నెలకు ఆరు వేలు కట్టుకుంట పోవాలె.”

“పదకొండంటే నూటికి ఎంత పడ్తది?”

“నెలకు నూటికి రూపాయి గూడ పడది కాకా.”

యేసయ్య వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు. “రెండేండ్లు కట్టినంక సగం బాకీ తీరినట్టే గద?”

“ఆఁ.”

“అప్పటి సంది మిత్తి మిగిలిన సగం మీదనే పడాలె గద? నువ్వు మొదటి నుంచి ఆఖరి దాక రెండు లక్షల మీదనే పట్టినవు.”

వేణుమాధవ్ పెన్ను కింద పెట్టాడు. అబద్ధమాడే ఓపిక కూడా అతనికి మిగల్లేదు. “అవు కాకా. దాన్ని ఫ్లాట్ రేటంటరు. నిజంగ లెక్కజేస్తె నూటికి రూపాయిన్నర పైనే పడతది.”

“కాయితాల ఖర్చని మూడు వేలు రాసినవ్. నాలుగు కాయితాలకు మూడు వేలా?”

“అందుల సగం షోరూంకే పోతది.”

“అయితే ఆ సగం కొట్టెయ్యి.”

కొట్టేశాడు. ఇన్సూరెన్సు బయట తక్కువకు దొరుకుతుందట గదా అన్నాడు యేసయ్య. అదీ తగ్గించక తప్పలేదు.

“గింత లెక్క ఎక్కడ నేర్చినవు కాకా?”

“నెల నెలా జీతంల కోతలు చూసి చూసి వచ్చింది.”

ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినట్టుంది, షోరూం అద్దాలు దడదడలాడాయి. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు. వేణుమాధవ్‌కు ఎందుకో ఈ మనిషి మీద జాలి కలిగింది.

“నా మాట విను కాకా. మీ ఇంట్ల కంపెనీ నౌకరి ఎవరికన్న ఉందా?”

“బుచ్చన్నకున్నది. రెండో నంబరు బాయి. ముప్పయ్యేండ్ల సర్వీసు. మేముండేది గూడ ఆయన క్వార్టర్లనే.”

“ఇంకేంది మరి! కారు ఆయన పేరు మీద తియ్యి. ముప్పై రెండు వేలు మిగుల్తయ్. ఎవరి పేరు మీదుంటే ఏంది, తిరిగేది నువ్వే గద!”

యేసయ్య ముఖం చిన్నబోయింది. పదిహేను వందల కోసం అంతసేపు గీచి గీచి బేరమాడిన మనిషి, ముప్పై రెండు వేలు వద్దని తల అడ్డంగా ఊపాడు.

“ఇంట్ల అన్నీ ఆయన పేరు మీదనే ఉన్నయ్ సారూ. నా పేరు మీద సైకిల్ గూడ లేదు. ఆర్‌సీ మీద యేసయ్య అని అచ్చు పడాలె. పైసలు పోతే పోనీ.”

ఎవరో అన్న పెత్తనం కింద నలిగిపోయినట్టున్నాడు పాపం, అనుకున్నాడు వేణుమాధవ్. గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది.

“అట్లయితే జమానతన్నా కావాలె. కంపెనీ స్లిప్పు ఉన్నోళ్ళు సంతకం పెడితేనే మా మేనేజరు ఒప్పుకుంటడు. బుచ్చన్న పెడ్తడా?”

“పెడ్తడు. నా మాట కాదనడు.”

“నువ్వు కిస్తీ తప్పితే ఆయన జీతంల నుంచి కోస్తరు. ఆయనకు తెలుసా మరి?”

“మంచిగ తెలుసు.” వచ్చినప్పటి నుంచి యేసయ్య నవ్వడం అదే మొదటిసారి.

వేణుమాధవ్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఓటరు కార్డు చూసి ఫారాలు గబగబా నింపి ముందుకు జరిపాడు. యేసయ్య పెన్ను పట్టుకుని, తన పేరు రాయడం అలవాటు తప్పినవాడిలా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకాలు చేశాడు. చివరి సంతకం మీద ఒకసారి వేలితో మెల్లగా నిమిరాడు కూడా.

“ఇగ బుచ్చన్నను పిలువు కాకా, జల్ది. ఆరింటికి ఫైలు పంపాలె.”

“వచ్చిండు సారూ.”

వేణుమాధవ్ తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. తిరిగి చూసేసరికి బల్ల మీద కంపెనీ పే స్లిప్పు, దాని మీద గుర్తింపు కార్డు ఉన్నాయి. కార్డు మీద పేరు బుచ్చన్న. ఫొటోలో ఉన్నది యేసయ్య.

“ముప్పయ్యేండ్ల కింద నౌకరి కాయితం వచ్చింది బుచ్చన్నకు. బాయిల దిగుడంటే భయపడి ఆయన ఊరికి ఉరికిండు. ఆ పేరు మీద నేను దిగిన.” యేసయ్య మళ్ళీ పెన్ను అందుకున్నాడు. “జమానతు సంతకం ఎక్కడ పెట్టాలె సారూ?”