రెండు పొదుగులు, ఒకే క్రిమి

“రెండు ఆవుల పొదుగువాపుకీ కారణం ఒకే క్రిమి. జన్యువులు అచ్చుగుద్దినట్టు ఒక్కటే,” అన్నాడు పశువుల డాక్టరు.

“అదెలా? నా ఆవును నేను తప్ప ఎవరూ పిండరు,” అంది అత్త.

“నా ఆవునూ అంతే,” అంది కోడలు.

ఆ ఇంట్లో ఎవరి ఆవు వాళ్లది, ఎవరి చెంబు వాళ్లది.

“క్రిమి నడిచి వెళ్లదమ్మా. ఒకే చెయ్యి రెండింటినీ పిండుతోంది.”

“అందుకేనన్నమాట నా పాలు తగ్గుతున్నది,” అంటూ అత్త కోడలిని కిందికీ పైకీ చూసింది.

“నావి పెరిగి ఉంటే ఆ మాట అనండి అత్తయ్యా. నావీ తగ్గాయి.”

డాక్టరు సర్దిచెప్పబోయాడు. “ఎవరో గానీ, మధ్యలో చేతులు కడుక్కుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.”

గుండెజబ్బని ఇంట్లోవాళ్లు పాలూ మీగడా మాన్పించిన మామగారు మూల కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఆ మాటకు ఆయనకు రోషం వచ్చింది.

“కడుక్కోకేం? శుభ్రంగా ఈ తువ్వాలుతో తుడుచుకున్నాను కూడా.”

డాక్టరు ఆయన భుజమ్మీది తువ్వాలును చూశాడు. అది ఉతికి చాన్నాళ్లయినట్టుంది.

అత్త నెమ్మదిగా కొంగుముడి విప్పి, పాక తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

“రెండావుల్నీ నువ్వు చూసుకో అమ్మాయ్. ఈయన సంగతి నేను చూసుకుంటాను.”