మొండిఘటం, హడావిడి

ఫోరంలో మొండిఘటం మళ్ళీ మొదలుపెట్టాడు.

'ఎవరి పని వాళ్ళు చేసుకుపోయే చిన్న చిన్న స్క్రిప్టులు ఉండగా, అన్నిటిమీదా పెత్తనం చేసే ఈ సిస్టమ్‌డి ఎందుకయ్యా మన పిచ్చుకకి?'

హడావిడి ఊరుకునే రకం కాదు.

'నీ స్క్రిప్టులు ఒకదాని వెనక ఒకటి ఒళ్ళు విరుచుకుంటూ లేచేసరికి ఇక్కడ తెల్లారిపోతోంది. కాస్త కదలవయ్యా బాబూ!'

పిచ్చుక అంటే ఒక లినక్స్. మూలపడ్డ పాత కంప్యూటర్లలో కూడా నడిచేలా కొందరు సరదాపడి తయారుచేసి, ఉచితంగా పంచిపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ముందు తను లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ నిద్రలేపే పెద్దదిక్కు ఒకటి లోపల ఉంటుంది. ఆ పెద్దరికం స్క్రిప్టులనే పాత చిట్టి ప్రోగ్రాములకే ఉంచాలా, కొత్తగా వచ్చిన సిస్టమ్‌డికి ఇవ్వాలా అన్నది తగువు. ఒకప్పుడు ఈ తగువుతో పిచ్చుక వాడేవాళ్ళు నెట్‌లో రాసుకునే ఫోరం సంతలా ఉండేది. తర్వాత ఒక్కొక్కరే పేరున్న లినక్స్‌ల వైపు వెళ్ళిపోయారు. జనం పోయారు గానీ, మారుపేర్లతో రాసే ఈ ఇద్దరి తగువు పోలేదు.

ఫోరం బాగోగులు చూసేది అడ్మిన్. పగలు ఒక బీమా ఆఫీసు కింది అంతస్తులో, సర్వర్ల గదిలో ఉద్యోగం. ఏసీ చలికి స్వెటర్ తొడుక్కుని, ఫ్యాన్ల హోరులో ఒక్కడే కూర్చుంటాడు. అక్కడికి మనిషి వచ్చాడంటే ఏదో చెడిపోయిందనే అర్థం. ఇంట్లో రెండు కుర్చీలు. రెండోదాని మీద ఎప్పుడూ మడతపెట్టని బట్టలు.

అప్పుడప్పుడూ అక్క ఫోన్ చేసేది.

"ఏరా, ఇవాళైనా ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడావా?"

"ఫోరం ఉంది కదక్కా."

"అందులో మాత్రం ఎవరున్నార్రా?"

"ఇద్దరున్నారు. పదిమంది పెట్టు."

అలాంటి ఫోరంలోకి ఒకరోజు కొత్త మనిషి వచ్చింది. పొరుగూళ్ళో టీచరు.

'మా స్కూలుకి ఎవరో పాత కంప్యూటర్లు ఇచ్చారు. పిల్లలకి నేర్పాలి. ఏ లినక్స్ వెయ్యమంటారు? పిచ్చుకే వెయ్యమంటే, స్క్రిప్టులదా, సిస్టమ్‌డిదా?'

ఎండిన చెరువులో వాన పడ్డట్టయింది. స్క్రిప్టును విప్పి చదివి, పిల్లలే ఎలా బాగుచేసుకోవచ్చో మొండిఘటం ఓపిగ్గా చెప్పాడు. ఆగిపోయిన ప్రోగ్రామును సిస్టమ్‌డి దానంతటదే ఎలా మళ్ళీ లేపుతుందో హడావిడి చెప్పాడు. మధ్యమధ్యలో ఒకరినొకరు తిట్టుకోవడం మామూలే. 'కొత్తవాళ్ళ ముందు పరువు తియ్యకండి' అని అడ్మిన్ ఇద్దర్నీ మందలించాడు.

'తిట్టుకోనివ్వండి సార్' అని రాసింది టీచరు. 'వీళ్ళ కోసమే రోజూ వస్తున్నాను. పడీపడీ నవ్వుతున్నాను.'

ఆ ముక్క అడ్మిన్ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. మర్నాడు ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి అడిగాడు.

"ఏంటి సార్, మంచి హుషారుగా ఉన్నారు?"

కొన్నాళ్ళకి టీచరు ఇంకో కబురు పెట్టింది. 'కేబుళ్ళు కొనడానికి ఆదివారం మీ ఊరొస్తున్నాను. ముగ్గురూ అక్కడే ఉంటామన్నారు కదా, స్టేషన్ ఎదురుగా ఉన్న క్యాంటీన్లో మిమ్మల్ని కలవాలని ఉంది.'

'వాడొస్తే నేను రాను' అన్నాడు మొండిఘటం. హడావిడీ అదే మాటన్నాడు.

'అదేం కుదరదు. అందరూ రావాల్సిందే' అంది టీచరు.

ఆదివారం అడ్మిన్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. టీచరు అప్పటికే నలుగురు పట్టే బల్ల చూసుకుని కూర్చుంది. ఇంచుమించు అతని వయసే. కాళ్ళ దగ్గర కేబుళ్ళ సంచి. నాలుగు టీలు చెప్పింది. రెండు తాగారు. రెండు చల్లారుతున్నాయి. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె తలెత్తి చూస్తోంది.

"ఎలా ఉంటారండీ వాళ్ళు?"

"మాటల్లో ఉన్నంత కటువు మనుషులు కాదండీ."

"నాకూ అలాగే అనిపించింది. ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళకి తోచదనుకుంటా."

"అంతేనండీ" అన్నాడు అడ్మిన్, కప్పులోకి చూస్తూ. "ఇంతకీ ఏది వేశారు?"

"సగం వాటిలో అది, సగం వాటిలో ఇది. ఎవర్నీ నొప్పించలేకపోయాను."

ఇద్దరూ నవ్వారు. తను పైకి నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తులేదు.

"పనైపోయింది కదండీ, ఇక ఫోరంలోకి రావడం కుదరదేమో" అంది టీచరు. "ఎదురుపడి వాళ్ళకి థాంక్స్ చెప్పి పోదామని వచ్చాను." కాస్త ఆగి, "మీక్కూడా" అంది.

అతను కప్పు పక్కకి జరిపాడు.

"టీచర్‌గారూ, ఒక్క మాట..."

ఆమె రైలుకి వేళయింది. సంచి అందుకుని లేచి, ఇంకోసారి తలుపు వైపు చూసింది.

"కనీసం ఒక్కరొచ్చినా బాగుండేదండీ."

అతను లేచి ఆమెకి దారిచ్చాడు.

"ఇంటికెళ్ళాక ఫోరం తెరిచి చూస్తాను. రానందుకు ఏం సంజాయిషీ ఇచ్చుకుంటారో!" అని నవ్వుకుంటూ ఆమె రోడ్డు దాటి స్టేషన్లోకి వెళ్ళిపోయింది.

పారబొయ్యబుద్ధి కాక, చల్లారిన ఆ రెండు టీలూ అడ్మినే తాగాడు.

ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, మొండిఘటం పాస్‌వర్డ్ కొట్టి 'క్షమించండి టీచర్, వాడి మొహం చూడలేకే రాలేదు' అని రాసి, అందులోంచి బయటికొచ్చి, హడావిడి పాస్‌వర్డ్ కొట్టి 'అంతా అబద్ధం టీచర్, మీ ముందు నోరు విప్పే ధైర్యం వీడికి లేదు' అని రాశాడు.