తేనెలో లేని వాసన

"అత్త మీద కోపం దుత్త మీద చూపించకు తాతయ్యా. నోరులేని తేనెటీగలు, వాటికేం తెలుసు?" లారిస్సా డీజిల్ డబ్బా పట్టుకుని లాగింది.

ఒరెస్ట్ వదల్లేదు. "మీ అమ్మమ్మని చంపాయి. అది చాలదా?"

"జీవితమంతా ముసుగు లేకుండా తిరిగావు వీటి మధ్య. ఎవరైనా రెచ్చగొడితే తప్ప కుట్టవని నా చిన్నప్పట్నుంచీ నువ్వేగా చెప్పింది?"

"ఎవరూ రెచ్చగొట్టలేదు. వాటికి పిచ్చి పట్టింది. పక్కకి జరుగు."

పోయిన ఆదివారం అమ్మమ్మ స్టెఫానియా ఈ తేనెటీగల పెట్టెల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. సెప్టెంబరు చివర, పైగా కెనడాలోని మనిటోబా గాలి. చలేస్తుందని లారిస్సా తన కోటు విప్పి అమ్మమ్మ భుజాల మీద కప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కేకలు విని పరుగెత్తుకొచ్చేసరికి అమ్మమ్మ కనబడలేదు, ఆమెను కమ్ముకున్న ఈగలే కనబడ్డాయి.

ముసలాయన ముందు ఆ కోటునే పెట్టెల మీద పడేశాడు. తర్వాత డీజిల్ పోసి అగ్గిపుల్ల గీశాడు. పెట్టెలు మండుతుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లారిస్సాకి జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. మిగిలిన ఒక్క తేనె సీసా తీసుకుని, ఆయనతో మాట్లాడకుండా విన్నిపెగ్ నగరానికి వెళ్ళిపోయింది.

అక్కడ ల్యాబులో ఆమె పని తేనెల వాసనలు విడదీయడం. క్లోవర్ పూల తేనెకి ఆ తీపి వాసన దేనివల్ల, బక్‌వీట్ పూల తేనెకి ఆ పశువులకొట్టం వాసన దేనివల్ల అన్నది యంత్రం తేలుస్తుంది. పోల్చి చూసుకోవడానికి ఒక్కో వాసనకీ ఒక్కో బుల్లి సీసా ఉంటుంది. ఈగలకి పిచ్చెక్కించింది ఏమిటో తెలుస్తుందేమోనని మర్నాడు తాతయ్య తేనెని యంత్రానికి ఎక్కించబోతుంటే పక్క బల్ల దగ్గర్నుంచి మెరెడిత్ అడిగింది.

"అరటిపండు వాసన సీసా సగమే ఉందేమిటి? ఓహో, నువ్వు ఊరెళ్ళేముందు నీ కోటు మీద ఒలికింది కదూ. ఉతికావా లేదా?"

లారిస్సా చేతిలో తేనె సీసా జారి పగిలింది. కుట్టిన తేనెటీగ తోటివాటిని పోట్లాటకి పిలిచే వాసన కూడా ఆ అరటిపండు వాసనే. ఆ సంగతి ఆమెకి తెలియనిది కాదు. రోజంతా ఆ వాసనల్లోనే మునిగి ముక్కు మొద్దుబారింది, అంతే.

గాజుముక్కలు అలాగే వదిలేసి ఫోన్ చేసింది. "తాతయ్యా, తప్పు ఈగలది కాదు. నా కోటుది. నాది."



"ఆ రోజే ఆ కోటు మీద వాసన పట్టానమ్మా" అన్నాడు ఒరెస్ట్. "నిన్ను తగలబెట్టలేక వాటిని తగలబెట్టాను."