మూడు నిమిషాల ఇంటిపెద్ద

నా పేరు తెర మీద పడకపోవడానికి కారణం మా ఆవిడ అమ్మాజీ. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నలభై ఒక్క సినిమాలకు మాటలు రాశాను. నలభై ఒకటికీ వేరేవాళ్ళ పేర్లు పడ్డాయి. ఫిల్మ్ నగర్‌లో నాలాంటివాణ్ణి ఘోస్ట్ అంటారు. బతికుండగానే దెయ్యం అనిపించుకోవడం అందరికీ దక్కే గౌరవం కాదు. సొంతంగా ఏదైనా రాద్దామని కూర్చుంటే, గ్యాస్ అయిపోయిందనేది మా ఆవిడ. మనసు చెదిరేది. అలా ముప్పై ఒక్క ఏళ్ళు చెదిరింది.

ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఈ ప్రశాంతతలో పదహారు పంక్తులు రాశాను. పదిహేను కొట్టేశాను. మిగిలింది తేదీ.

పోయిన నెల అరవింద్ అనే కుర్ర దర్శకుడు ఫోన్ చేశాడు. మొదటి సినిమా. అంతా కుదిరిందిగానీ క్లైమాక్స్ ఒక్కటే కుదరడం లేదట. భోజనాల బల్ల దగ్గర ఇంటిపెద్ద మూడు నిమిషాలు భార్యతో మాట్లాడాలి. భార్య పలకకూడదు. కవితలా ఉండాలి, కవిత చదువుతున్నట్టు ఉండకూడదు. ఇద్దరు పెద్ద రచయితలు రాసిచ్చినవి పక్కన పెట్టేశాడట. మీది కుదిరితే పేరు విడిగా, తెర నిండా వేస్తానన్నాడు.

తెర నిండా. ఆ తర్వాత అతను ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

నా దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది. మర్నాడు పొద్దున్నే కూర్చుని సాపు ప్రతి తీశాను. బోరబండలో ఆటో ఎక్కి జూబ్లీ హిల్స్‌లో దిగాను. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"డ్రైవర్ నౌకరీకైతే నిన్ననే మనిషిని పెట్టుకున్నరు పెద్దాయనా."

రచయితనన్నాను. లోపలికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. పంపించాడు. నమ్మి మాత్రం కాదు.

గదిలో అరవింద్, అతని అసోసియేట్ డైరెక్టర్ వందన ఉన్నారు. చదవమన్నారు. కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాను.

"ఉప్పు ఎక్కువైందన్నానా?
తక్కువైందన్నాను. నువ్వు సరిగ్గా వినవు.
మీ అమ్మ పోయినప్పుడు వెళ్ళొద్దన్నానా?
నాకు అన్నం ఎవరు పెడతారని అడిగానంతే.
పాట పాడొద్దన్నానా?
తలుపేసుకుని పాడుకోమన్నాను. నువ్వే మానేశావు.
ఎడమ చెయ్యి లాగుతోందంటావు.
కుడిది ఉందిగా. కాఫీ పెట్టు."

ఇలా రెండు పేజీలు. చదవడం అయ్యేసరికి అరవింద్ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. నచ్చలేదనుకుని కాగితాలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

"దొరికాడు," అన్నాడు అరవింద్. "నా విలన్ దొరికాడండీ."

విలన్ ఎవరని అడిగాను. జోకు వేశాననుకుని నవ్వాడు. నేను వెయ్యలేదు. ఆటోలో దారి పొడుగునా నేను ఈ మనిషి పక్షమే. ఇంత ఓపిగ్గా చెప్పే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అనుకుంటూ వచ్చాను.

అప్పుడు అరవింద్ నాకు పాఠం చెప్పాడు. కవిత్వంలో ఇదొక పద్ధతట. డ్రమాటిక్ మోనోలాగ్ అంటారట. ఒకడే మాట్లాడతాడు. ఎదుటి మనిషి పలకదు. కవి మధ్యలో దూరి వీడు మంచివాడనీ చెప్పడు, చెడ్డవాడనీ చెప్పడు. వాడు తనను తాను సమర్థించుకుంటూ పోతాడు. ఆ సమర్థింపులోనే పట్టుబడిపోతాడు. పట్టుబడినట్టు వాడొక్కడికే తెలియదు.

మా ఊరి హైస్కూల్లో ఉత్పలమాల దాకానే చెప్పారు. అయినా అంతా తెలిసినట్టు తలూపాను.

వందన అప్పటిదాకా తల ఎత్తలేదు.

"గామె ఒక్క మాట మాట్లాడలే సార్. గానీ నాకు గామెనే కనబడ్డది," అంది. "కాఫీ పెట్టిందా గామె?"

"పెట్టింది," అన్నాను.

"చూశావా, కాగితం మీద లేనిది కూడా ఆయనకు తెలుసు," అన్నాడు అరవింద్. "రచయితంటే అలా ఉండాలి."

టైటిల్స్ చేసే మనిషికి అప్పటికప్పుడే ఫోన్ కలిపాడు. రచన అని వేసి, కింద నా పేరు, నాలుగు సెకన్లు. వీరరాఘవయ్యలో 'వీర' ఉంచాలా, తీసెయ్యాలా అని నన్నడిగాడు. ముప్పై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. అద్దం ముందు నిలబడి జవాబు కూడా సాధన చేసి ఉన్నాను.

"ఆ పేరు వద్దు," అన్నాను. "అమ్మాజీ అని వెయ్యండి."

"కలం పేరాండీ?"

అవునన్నాను. పూర్వం వారపత్రికలకు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని సీరియల్స్ రాసేవాళ్ళని అతనికి ఎవరో చెప్పారట. మీ కాలం వాళ్ళకు ఆ అలవాటు ఇంకా పోలేదా అని వేళాకోళమాడాడు. పోలేదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

వందన నవ్వలేదు. గేటు దాకా వచ్చింది. అమ్మాజీ ఎవరు సార్ అని అడిగింది. ఆటో వచ్చింది. ఎక్కేశాను.

పోపుల డబ్బా వెనక నాకు దొరికిన నోటుపుస్తకంలో, పెళ్ళయిన నాటి నుంచి నేను తనతో అన్న మాటల్ని అన్నవి అన్నట్టు ఏరి, వరసలో పేర్చి, కింద తన మాట ఒక్కటీ చేర్చకుండా రాసిపెట్టింది అమ్మాజీయే, ఇక ఈ సంగతి నేను మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తను.